చెరకు చెత్త - అగ్గిపెట్టె ఎవరిది?

ఏటా నవంబరు వచ్చిందంటే మా టీములో ఒక తంతు జరుగుతుంది. గుర్‌గావ్ ఆఫీసు వాళ్ళు కాల్‌లోకి రాగానే ముందు ఓసారి దగ్గుతారు. కిటికీలోంచి ఫోటో తీసి చూపిస్తారు. అందులో ఏమీ కనపడదు, అదే చూపించడం వాళ్ళ ఉద్దేశం. తర్వాత ఎవడో ఒకడు "ఈ పంజాబు రైతుల్ని లోపలెయ్యాలి" అంటాడు. మిగతావాళ్ళు తలాడిస్తారు. మన తెలుగు బ్యాచ్ అంతా "మా వైపు అలాంటివి ఉండవు" అన్నట్టు ఒక మోస్తరు గర్వంగా కూచుంటాం. నేనూ అలాగే కూచునేవాణ్ణి, 2023 సంక్రాంతి దాకా.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది అనకాపల్లికి ఓ పాతిక కిలోమీటర్ల లోపు ఊరు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటని ఈ టపా చదివేవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. మాకు మూడెకరాల చెరకు పొలం ఉంది. ఉంది అంటే, కాగితాల మీద. నేను బెంగుళూరులో, అన్నయ్య టెక్సస్‌లో, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. పొలం పదేళ్ళుగా కౌలుకే. కనుమ నాటి సాయంత్రం డాబా ఎక్కితే పడమటి వైపు నల్లటి పొగ. ఎవరిదో పాపం అనుకుని ఫోన్‌లో ఫోటో కూడా తీశాను, గుర్‌గావ్ వాళ్ళకి పంపిద్దామని. జూమ్ చేసి చూస్తే గట్టు మీద రెండు తాటిచెట్లు. ఆ రెండు తాటిచెట్లూ మావి.

తెల్లారి పొలం దగ్గరికెళ్ళాను. నరికిన మోళ్ళ మధ్య నేలంతా నల్లగా, గాలి వీస్తే బూడిద లేస్తోంది. మా కౌలు రైతుని నేను చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. నాలుగు వ్యాసాలు చదివిన పట్టణవాసి ఎలా మాట్లాడతాడో సరిగ్గా అలాగే మాట్లాడాను. "ఎందుకు బాబాయ్ కాల్చేశావు? మన్నుకి మంచిది కాదు కదా."

"మంచిది కాదని నాకు తెల్దేటి బాబూ?" అన్నాడు. తలపాగా విప్పి గట్టు మీద కూచుని లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. చెత్త ఏరి గట్టుకి చేర్చాలంటే ఎకరానికి ఆరుగురో ఏడుగురో మనుషులు. మనిషికి అయిదొందలు, మజ్జాన్నం టీ వేరే. ఏరకుండా వదిలేస్తే చాళ్ళలో నీరు నడవదు. కార్శి తోట బాగా లేవాలంటే మోళ్ళు నేలమట్టంగా చెక్కాలి, చెత్త కింద మోళ్ళు కనపడవు. చెత్తలో ఎలకలు, ఎలకల కోసం పాములు. "ఇయన్నీ ఒకెత్తు. అగ్గిపుల్ల ఎంత బాబూ?" అని ఆగి, తర్వాత అన్న మాట ఉంది చూశారూ, అదే నా చేత ఇదంతా రాయిస్తోంది. "ఇంత సేసీ మన్ను బాగుసేసేననుకో, వచ్చే ఏడు ఈ మన్ను నాకుంటాదా?"

నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ వాడికి జవాబు లేనప్పుడు ఏం చేస్తాడు? ఎక్సెల్ తెరుస్తాడు. బెంగుళూరు బస్సులో కూచుని అదే చేశాను.

ఎకరా చెరకు నరికాక మిగిలే ఎండాకు రమారమి మూడు నాలుగు టన్నులు. పచ్చి కొనలు పశువులకి పోతాయి, అవి లెక్కలోకి రావు. నాలుగు టన్నులనే అనుకుందాం. అందులో నత్రజని 0.35 నుంచి 0.42 శాతం, అంటే 14 నుంచి 17 కిలోలు. కాలిస్తే ఇందులో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. గంధకం కూడా చాలామటుకు అంతే. భాస్వరం, పొటాష్ మటుకు ఎక్కువగా బూడిదలోనే ఉంటాయి, ఆ బూడిద గాలికో వానకో పక్క చేలోకి పోకపోతే. ఇప్పుడు యూరియా చూద్దాం. 45 కిలోల బస్తాలో నత్రజని దాదాపు 20 కిలోల పైచిలుకు. బస్తా ధర 266 రూపాయల చిల్లర. అంటే మా బాబాయ్ ఎకరానికి కాల్చేసిన నత్రజని ఖరీదు, సబ్సిడీ ధరలో, అటూ ఇటుగా రెండొందల రూపాయలు!

రెండొందలు మిగల్చడానికి మూడు వేలు ఖర్చుపెట్టమని నేను ఉపన్యాసం ఇచ్చానన్న మాట. పైగా చెత్తలో ఉన్న నత్రజని మొదటి ఏడే చేతికి రాదు, అది కుళ్ళాలి. ఏ ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఈ షీటు చూపించినా "అగ్గిపుల్ల అప్రూవ్డ్" అనేవాడు.

ఇక్కడ ఒక విషయం తేల్చాలి. రైతుకి అవగాహన లేదు, అవగాహన సదస్సులు పెట్టాలి అని మాట్లాడేవాళ్ళంటే నాకు ఆ రోజు నుంచీ మంట. అవగాహన లేనిది మనకి. చెత్త విలువ తెలియని రైతు చెరకు ప్రాంతంలో ఉండడు. కొత్తగా ముచ్చెలు నాటిన మూడు రోజుల్లో ఎకరానికి టన్నుంబావు చెత్త పల్చగా పరిస్తే పీక పురుగు తగ్గుతుందని, తేమ నిలుస్తుందని అనకాపల్లి పరిశోధనా స్థానం వాళ్ళు ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నారు. మా బాబాయ్‌కి అది కంఠతా వచ్చు. తెలిసీ ఎందుకు చెయ్యడం లేదు అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అడిగితే జవాబు తిరిగి తిరిగి మన మీదకే వస్తుంది కాబట్టి ఎవరూ అడగరు.

కాల్చడాన్ని తిట్టేవాళ్ళు చెప్పే అబద్ధాలు కూడా ముందే వదిలించుకుందాం. వాట్సాపులో ఒకటి తిరుగుతుంటుంది: కాలిస్తే నేల ఇటుకలా మాడిపోతుంది, సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి, భూమి పదేళ్ళు పనికిరాదు అని. అంత లేదండీ. చెరకాకు మంట భగ్గుమని లేచి నిమిషాల్లో చప్పున ఆరిపోతుంది. మట్టికి వేడిని కిందికి పంపే గుణం తక్కువ. పై పొర రెండు మూడు సెంటీమీటర్లు దాటితే పెద్దగా తెలియదు. చచ్చిన సూక్ష్మజీవులు కూడా కొన్నాళ్ళకి మళ్ళీ పుంజుకుంటాయి. పైగా బూడిద వల్ల, వేడికి కాస్త పోషకాలు విడుదలవ్వడం వల్ల కాల్చిన మడిలో పిలకలు మొదట్లో పచ్చగా, చకచకా లేస్తాయి. రైతు కంటికి కనపడేది అది. నువ్వెళ్ళి "నేల చచ్చిపోయింది" అంటే, ఎదురుగా పచ్చగా కనపడుతుంటే నిన్ను నమ్ముతాడా?

నష్టం మంటలో లేదు. మంట వల్ల నేలకి అందకుండా పోయిన తిండిలో ఉంది. సూక్ష్మజీవులకీ వానపాములకీ ఏడాదికోసారి రావలసిన నాలుగు టన్నుల భోజనం ఎగిరిపోయింది. కప్పు లేని నేల మీద ఏప్రిల్ మే ఎండ నేరుగా పడుతుంది, తొలకరి వాన నేరుగా కొడుతుంది. మనవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే ఇది సర్వర్ క్రాష్ కాదు, మెమరీ లీకు. ఏ రోజుకా రోజు అంతా బాగానే నడుస్తున్నట్టుంటుంది.

ఆ లీకు ఎంతో కూడా లెక్క వేద్దాం. ఎకరం నేల, పైన ఆరంగుళాల మట్టి, సుమారు తొమ్మిది లక్షల కిలోలు. సేంద్రియ కర్బనం 0.1 శాతం పెరగాలంటే అందులోకి 900 కిలోల కర్బనం చేరి, నిలవాలి. ఎండాకులో కర్బనం 40 శాతం అనుకుంటే నాలుగు టన్నుల్లో 1,600 కిలోలు. మరి ఒక్క ఏడాదిలో అయిపోవాలి కదా? అవదు. మన ఎండలకి ఎక్కువ భాగం సూక్ష్మజీవులు తిని బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. పదో వంతు నిలిచిందనుకుంటే 160 కిలోలు. అంటే ఒక్కసారి కూడా కాల్చకుండా అయిదారేళ్ళు ఓపిక పడితే 0.1 శాతం. అదీ, ఉన్న కర్బనం తరగకుండా ఉంటేనే. మా పొలం మట్టి పరీక్షలో వచ్చింది 0.41. అర శాతం లోపుంటే "తక్కువ" అని కార్డులో రాస్తారు. ఆ "తక్కువ" గీత దాటడానికే అయిదేళ్ళు పట్టేలా ఉంది!

ఇదంతా నా ఎక్సెల్ ఊహాగానం అనుకునేవాళ్ళకి ఒక అసలు ప్రయోగం చెబుతాను. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర మౌంట్ ఎడ్జ్‌కోంబ్ అనే చోట చెరకు పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ 1939లో ఒక మడి మొదలుపెట్టారు. కొన్ని భాగాల్లో ఏటా కాలుస్తారు, కొన్నిట్లో చెత్త అలాగే పరిచి వదిలేస్తారు, ఎరువు వేసేవి వేరే, వెయ్యనివి వేరే. చెరకు మీద ప్రపంచంలో ఇంతకంటే పాత ప్రయోగం లేదంటారు. ఆరు దశాబ్దాల తర్వాత మట్టి తీసి చూస్తే, చెత్త వదిలిన చోట సేంద్రియ పదార్థమూ సూక్ష్మజీవుల రాశీ కాల్చిన చోటికంటే స్పష్టంగా ఎక్కువ. కానీ ఆ తేడా చాలామటుకు పై పది సెంటీమీటర్లలోనే. అరవై ఏళ్ళ శ్రద్ధకి దక్కింది బెత్తెడు మందం మంచి మట్టి. నాకిది నిరుత్సాహంగా అనిపించలేదు, నేల లెక్క ఏ కాలమానంలో నడుస్తుందో అర్థమైంది. (1860 నుంచి ఆ నాటాల్ చెరకు తోటలకి కూలీలుగా ఓడలెక్కి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఆ కథ వేరే, ఇంకోసారెప్పుడైనా.)

మరి వేరే దేశాలవాళ్ళు ఎలా మానేశారు? అవగాహనతోనా? ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ సంగతి చూడండి. అక్కడ నరకబోయే ముందే తోటని కాల్చడం 1930ల్లో ఊపందుకుంది. ఎలకల మూత్రం వల్ల వచ్చే జ్వరంతో కోత కూలీలు చచ్చిపోతుంటే, కాలిస్తే గానీ కొయ్యం అని 1935లో సమ్మె కట్టారు. అంటే అక్కడ అగ్గిపెట్టె కూలీ ప్రాణం కోసం వచ్చింది. మళ్ళీ మానడం ఎప్పుడయ్యిందంటే, పచ్చి చెరకుని నరికి ఆకుని అక్కడికక్కడే పరిచేసే యంత్రాలు వచ్చాక, 1980ల నుంచి. అదీ వానలెక్కువ పడే ఉత్తర భాగంలో. చాళ్ళలో నీరు పారించే బర్డికిన్ ప్రాంతంలో ఇప్పటికీ కాలుస్తూనే ఉన్నారు. కారణం? చెత్త ఉంటే చాల్లో నీరు నడవదు! మా బాబాయ్ గట్టు మీద కూచుని చెప్పిన మాటే. ఆయనకి ఆస్ట్రేలియా వీసా కూడా లేదు :-)

బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రం 2002లో చట్టం చేసింది. యంత్రం తిరిగే పొలాలకి 2021 దాకా, తిరగని వాటికి 2031 దాకా గడువిచ్చింది. 2007లో ప్రభుత్వమూ మిల్లులూ ఒప్పందం రాసుకుని ఆ గడువుల్ని 2014కీ 2017కీ లాక్కొచ్చాయి. అక్కడ భూములు పెద్దవి, యంత్రాల్ని కొనే స్తోమత మిల్లులకి ఉంది. ఖర్చు ఎవరు పెట్టాలో ముందు తేలింది, అగ్గి ఆ తర్వాత ఆరింది. మన దగ్గర ఖర్చు సంగతి ఎత్తకుండా అగ్గి ఆర్పమంటాం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కొంతమందికి కోపం రావచ్చు, రానివ్వండి.

మా పొలం కౌలు ఏడాదికోసారి, నోటిమాట మీద. ఉగాదికి ముందు నాన్నగారు ఫోన్ చేసి "ఈ ఏడు కూడా నువ్వే చేసుకో" అంటారు. అనకపోతే లేదు. ఒకేడు నాన్నగారు వేరే ఆయనకి ఇద్దామనుకున్నారు కూడా, ఎకరానికి రెండు వేలు ఎక్కువ ఇస్తానన్నాడని. చెరకు ఎలాంటి పంట? మొక్క తోట ఏడాది, దాని మీద కార్శి ఇంకో ఏడాది, కుదిరితే మరో కార్శి. రెండు మూడేళ్ళ పంటని ఏడాది మాట మీద పండిస్తున్నాడు మనిషి. ఆ మనిషిని పట్టుకుని, అయిదేళ్ళకి 0.1 శాతం పెరిగే కర్బనం మీద పెట్టుబడి పెట్టమంటున్నాం. మనకి కంపెనీ వాడు "ఏడాది కాంట్రాక్టు, రెన్యూవల్ గ్యారంటీ లేదు, కానీ అయిదేళ్ళ తర్వాత పనికొచ్చేలా పాత కోడంతా నీ సొంత ఖర్చుతో, రాత్రిళ్ళు కూచుని బాగుచెయ్యి" అంటే చేస్తామా? ఆ సాయంత్రమే రెజ్యూమె అప్‌డేట్ చేస్తాం. టెక్నికల్ డెట్ మీద గంటలు గంటలు మాట్లాడే మనం, మన పేరున ఉన్న భూమిలో పేరుకుపోతున్న అప్పు గురించి కౌలుదారుడికి నీతులు చెబుతాం.

చట్టం ఏమన్నా ఆదుకుంటుందా అంటే, ఆంధ్రాలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. చెరకు పక్వానికి రావడానికే పది పన్నెండు నెలలు పడుతుందండీ! కార్డు చచ్చిపోయేటప్పటికి గడలు ఇంకా చేలో నిలబడి ఉంటాయి. ఆ 11 నెలల కార్డు మీద కూడా యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని భయం. చట్టంలోనే యజమాని హక్కుకి ఢోకా లేదని ఉంది, అయినా భయం. మా నాన్నగారు రెండేళ్ళు పెట్టలేదు. నేను అడిగితే, "నీకు తెలియదులే, పాత కౌలు చట్టం రోజులు నేను చూశాను" అన్నారు. సంతకం లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే పంట రుణం లేదు, పంట రుణం లేకపోతే వడ్డీ వ్యాపారి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు చెత్త ఏరడానికి ఎకరానికి మూడు వేలు పెడతాడా, అగ్గిపుల్ల గీస్తాడా?

ఇది చదువుతున్న మీలో ఎంతమందికి ఊళ్ళో భూమి ఉందో నాకు తెలియదు. కానీ నా క్యూబికల్ చుట్టూ ఉన్న ఎనిమిది మందిలో అయిదుగురికి ఉంది. అయిదుగురిదీ కౌలే. అయిదుగురిదీ నోటిమాటే. అడిగి చూశాను. ఒకాయనకి తన పొలంలో ఏ పంట వేస్తున్నారో కూడా తెలియదు, కౌలు డబ్బు ఏ తేదీన అకౌంట్లో పడుతుందో మటుకు తెలుసు.

జరిమానాలు వేస్తే పోలా అంటాడు ఇంకో మిత్రుడు. ఢిల్లీ చుట్టుపక్కల 2024 నవంబరులో జరిమానాలు రెట్టింపు చేశారు. రెండెకరాల లోపు 5,000, రెండు నుంచి అయిదెకరాల వరకు 10,000, ఆపైన 30,000. రేపు ఇదే మన దగ్గర పెట్టారనుకోండి, ఎవరు కడతారు? పట్టా ఉన్న నేనా? కౌలు మాట నోటితోనే కదా, జరిమానా కూడా నోటితోనే బాబాయ్ మీదకి తోసేస్తాను. "కాల్చింది నువ్వే కదా" అంటాను. ఆయన అది వచ్చే ఏటి ఖర్చులో కలుపుకుంటాడు. మట్టికి ఒరిగేది సున్నా.

ఇక మన స్టార్టప్ వీరులు. ఒకాయన నాకు స్లైడ్లు కూడా చూపించాడు: పొలంలో చెత్తని కట్టలు కట్టి, లారీలకెక్కించి, బాయిలర్లకి అమ్మేస్తాం, యాప్‌లో రైతు ఒక్క నొక్కు నొక్కితే చాలు. పొగ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. గుర్‌గావ్ వాళ్ళ దగ్గుకి మందే. కానీ మట్టి వైపు నుంచి చూస్తే, చెత్త చేలో కాలితేనేం, బాయిలర్లో కాలితేనేం? కర్బనం వెళ్ళిపోయింది. నిజానికి చేలో కాలిస్తే బూడిదలో పొటాష్ అయినా మిగిలేది, ఇప్పుడు అదీ లారీ ఎక్కింది. ఈ మాట అంటే స్లైడ్లాయన మొహం మాడ్చుకున్నాడు. "కార్బన్ క్రెడిట్స్" అన్నాడు. ఏం క్రెడిట్టో.

సరే, ఇన్ని చెప్పావు, నువ్వేం పీకావు అంటారు కదా. చెబుతాను, ఇందులో గొప్పలేమీ లేవు.

2023 మార్చిలో నాన్నగారితో నాలుగు రోజులు గొడవపడి, మూడేళ్ళ కౌలు కాగితం రాయించాను. స్టాంపు పేపరు మీద, కౌలు ధర మూడేళ్ళూ మారదని. ఏటా కార్డుకి సంతకం కూడా. చెత్త ముక్కలు చేసే యంత్రం అద్దె నాది, అదనంగా వేసే యూరియా నాది. బాబాయ్ షరతు ఒక్కటే: ఎర్రకుళ్ళు తెగులు వస్తే మటుకు ఆ చెత్త కాల్చేస్తాను, అడగొద్దు అన్నాడు. న్యాయమే. తెగులున్న చెత్తని చేలో దాచుకుంటే వచ్చే పంట మొత్తం పోతుంది. ఎప్పుడూ కాల్చకూడదు అనే మూర్ఖత్వం నాకూ లేదు.

2024 జనవరిలో నరికాక మొదటిసారి కాల్చలేదు. యంత్రం తిప్పాం, మోళ్ళు చెక్కాం, చెత్తని చాలు విడిచి చాలులో వేశాం, ఖాళీ చాలులో నీరు నడిచేలా. మార్చిలో ఫోనొచ్చింది. "బాబూ, తోట పసుపెక్కిపోనాది. పక్కోడి తోట పచ్చగుంది. జనం నవ్వుతన్నారు." నాకు గుండెల్లో రాయి పడింది. జరిగిందేమిటంటే, ఎండాకులో నత్రజని బాగా తక్కువ, కర్బనం బాగా ఎక్కువ. దాన్ని తినే సూక్ష్మజీవులకి నత్రజని చాలక మట్టిలో ఉన్నదాన్ని లాక్కుంటాయి. కొన్నాళ్ళు పంటకి ఉపవాసం. అందుకే అదనంగా యూరియా వెయ్యాలి. మేం వేశాం, కానీ చెత్త పైన చల్లాం. అది సగం గాలికి పోయినట్టుంది. మొదళ్ళ దగ్గర, మట్టిలో పడేలా వెయ్యాలిట. అనకాపల్లి వెళ్ళి అడిగొచ్చి మళ్ళీ వేశాడు. ఏప్రిల్ చివరికి తేరుకుంది. ఆ నెలరోజులూ ఆయన ఊళ్ళో మాటలు పడ్డాడు, నేను బెంగుళూరు ఏసీలో కూచున్నాను. ఎలకలు కూడా ఎక్కువయ్యాయి, అది అబద్ధం కాదు.

లాభాలా? వేసవిలో తడికీ తడికీ మధ్య మూడు రోజులు ఎక్కువ ఆగగలిగాం. కలుపు ఒక దఫా తగ్గింది. చెత్త ఎత్తి చూస్తే కింద వానపాములు, అవి మా పొలంలో నేను చిన్నప్పుడు చూసినవే, మళ్ళీ ఇప్పుడే. దిగుబడి పక్కవాళ్ళ కార్శితో సమానం, ఎక్కువేం కాదు. 2025లో ఆ కార్శి దున్నేసి కొత్త తోట నాటాం. పాత చెత్తలో కొంత నాటిన చేలోనే పల్చగా పరిచాం, మిగతాది గట్టున గోతిలో పేడనీళ్ళతో మగ్గుతోంది. పీక పురుగు మా చేలో ఈసారి తక్కువే పడింది. అదే ఏడు మట్టి పరీక్ష మళ్ళీ చేయించాను. 0.44 వచ్చింది. 0.41 నుంచి 0.44! మిత్రులకి ఫోటో పెట్టబోయి ఆగాను. మట్టి ఏ మూల తీశామన్న దాన్ని బట్టే అంత తేడా రావచ్చు. ఆ అంకె ఇంకా ఏమీ చెప్పదు. ఇంకో అయిదేళ్ళు ఆగితే చెబుతుందేమో.

ఖర్చు మొత్తం నాకు మూడెకరాలకి ఏడాదికి పదివేల లోపు. మా ఇంటి నెట్‌కీ, చూసీ చూడని సినిమా సబ్‌స్క్రిప్షన్లన్నిటికీ కలిపి అంతకంటే ఎక్కువ కడుతున్నాను.

కాగితం గడువు 2026 మార్చితో అయిపోతుంది. ఈసారి ఆరేళ్ళకి రాద్దామన్నాను. బాబాయ్ వెంటనే సరే అనలేదు. "ముందు పెదబాబు సంతకం ఎట్టనీ" అన్నాడు. పెదబాబంటే మా అన్నయ్య. అనకాపల్లి జిల్లా కేంద్రం అయ్యాక రేట్లు పెరిగాయి, ప్లాట్లు వేస్తే ఎకరం ఎంత పలుకుతుందో తెలుసా అని వాడు గ్రూపులో లింకులు పెడుతున్నాడు. కాగితం స్కాన్ చేసి పంపించి మూడు వారాలయ్యింది. రెండు నీలం టిక్కులు వచ్చాయి, సంతకం ఇంకా రాలేదు.